క్యూటీ 6 టేబుల్‌లో డ్రాగ్ అండ్ డ్రాప్: వదిలితే వరుస ఖాళీ, ఎక్స్‌ప్లోరర్ నుంచి లాగితే అడ్డగీత గుర్తు

సుల్తాన్‌పేట్_ప్రెస్ · సోమవారం ఉదయం 10:12

అందరికీ నమస్కారం. బెంగళూరు సుల్తాన్‌పేటలో శుభలేఖలు అచ్చు వేసే షాపుల కోసం జాబ్ లిస్ట్ యాప్ రాస్తున్నాం. క్యూటీ 6.5 (తెర మీది యాప్‌లు రాసే లైబ్రరీ), సీ ప్లస్ ప్లస్. విండోస్ 11 మెషీన్లు ఆరు, ఉబుంటు రెండు. తెర మీద ఒక క్యూటేబుల్‌వ్యూ (పట్టికను చూపే భాగం, అదే ‘వ్యూ’), దాని వెనక డేటాని పట్టుకునే సొంత మోడల్. పీడీఎఫ్‌లను ఎక్స్‌ప్లోరర్ నుంచి లాగి టేబుల్‌లో వదలాలి, వరుసలను పైకీ కిందికీ జరపాలి, మెయిల్‌లో వచ్చిన అటాచ్‌మెంట్‌ని నేరుగా లాగి వేయాలి. ఎక్కడ చిక్కుకున్నామంటే:

1. రెండు విండోస్ మెషీన్లలో ఎక్స్‌ప్లోరర్ నుంచి లాగితే అడ్డగీత గుర్తు తప్ప ఏమీ రాదు. మిగతా నాలుగింటిలో బాగానే ఉంది. బిల్డ్ అన్నిటికీ ఒకటే.
2. వరుసను జరిపితే కొత్త చోటికి వెళ్తుంది, వెంటనే దాని గడులన్నీ ఖాళీ అయిపోతాయి. వదిలినదాన్ని అందుకునే మోడల్ ఫంక్షన్ డ్రాప్‌మైమ్‌డేటాలో, వరుసను జరిపే మూవ్‌రోస్ పిలిచి ట్రూ ఇస్తున్నాం.
3. 200 ఫైళ్ళు ఒకేసారి వదిలితే మా యాప్‌తో పాటు ఎక్స్‌ప్లోరర్ కూడా బిగుసుకుపోతుంది.
4. మెయిల్ అటాచ్‌మెంట్ వదిలితే యూఆర్‌ఎల్స్ జాబితా ఖాళీగా వస్తుంది.

పాతకాపు_విన్32 · 10:31

ఒకటోది. బిల్డ్ ఒకటే అయినా కొన్ని మెషీన్లలోనే ఆడటం లేదంటే కోడ్ కన్నా ముందు హక్కులు చూడాలి. టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ ట్యాబ్‌కి వెళ్ళి, కాలమ్ శీర్షిక మీద రైట్ క్లిక్ కొట్టి, సెలెక్ట్ కాలమ్స్‌లో ‘ఎలివేటెడ్’ టిక్ పెట్టండి. మీ యాప్ ఎదురుగా ‘యెస్’, ఎక్స్‌ప్లోరర్ ఎదురుగా ‘నో’ ఉంటే దొంగ దొరికినట్టే. విస్టా నుంచీ విండోస్ తక్కువ హక్కుల ప్రోగ్రామ్‌ని ఎక్కువ హక్కుల విండో జోలికి రానివ్వదు. ఎక్స్‌ప్లోరర్ మామూలు హక్కులతో నడుస్తుంది, మీ యాప్ అడ్మిన్‌గా నడుస్తుంది, మధ్యలో గోడ. మీ డ్రాగ్‌ఎంటర్ ఈవెంట్ అసలు పిలవబడదు, కాబట్టి అందులో ఎన్ని లాగ్‌లు పెట్టుకున్నా ఏమీ పడదు.

ఛేంజ్‌విండోమెసేజ్‌ఫిల్టర్‌ఈఎక్స్ వాడితే సరిపోతుందని నెట్‌లో చాలాచోట్ల రాసి ఉంటుంది. అది పాత డబ్ల్యూఎమ్ డ్రాప్‌ఫైల్స్ పద్ధతికి పనికొస్తుంది (దాంతో పాటు డబ్ల్యూఎమ్ కాపీడేటాని, హెక్స్‌లో 49 నంబరు సందేశాన్ని కూడా వదలాలి). క్యూటీ వాడేది ఓలీ పద్ధతి (ప్రోగ్రామ్‌ల మధ్య డేటా పంచుకునే విండోస్ ఏర్పాటు), దానికి ఆ మందు పనిచేయదు. అసలు యాప్‌కి అడ్మిన్ హక్కులు ఎందుకు ఇవ్వాల్సి వచ్చిందో వెతకండి. నూటికి తొంభై పాళ్ళు సెట్టింగ్స్ ఫైల్‌ని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో రాస్తుండటమే అయి ఉంటుంది. దాన్ని యాప్‌డేటాలోకి మార్చి, షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ టిక్ తీసేయండి.

డెవలపర్లు పడే గుంట ఇంకోటి ఉంది: ఐడీఈని (కోడ్ రాసే ప్రోగ్రామ్‌ని) అడ్మిన్‌గా తెరిస్తే దాని నుంచి డీబగ్ చేసే యాప్ కూడా అడ్మిన్‌గానే లేస్తుంది.

సుల్తాన్‌పేట్_ప్రెస్ · 11:20

అన్నా, ఒక మెషీన్ మీరు చెప్పినట్టే. టిక్ తీసేశాం, పనిచేస్తోంది. సెట్టింగ్స్ ఫైల్ సంగతి కూడా నిజమే. రెండో మెషీన్‌లో మాత్రం ‘నో’ అనే ఉంది. కన్సోల్‌లో ఓలీఇనిషియలైజ్ విఫలమైందని, 80010106 కోడ్‌తో ఒక లైన్ పడుతోంది. ఆ మెషీన్‌కే స్కానర్ ఉంది.

పాతకాపు_విన్32 · 11:34

ఆ స్కానరే. ఆ కోడ్ అర్థం: ఈ థ్రెడ్‌ని ఇంతకుముందే వేరే రకంగా సిద్ధం చేశారు, ఇప్పుడు మార్చలేను అని. ఓలీ డ్రాగ్ అండ్ డ్రాప్‌కి మెయిన్ థ్రెడ్ సింగిల్ థ్రెడెడ్ అపార్ట్‌మెంట్‌లో (పిలుపులన్నీ ఆ ఒక్క థ్రెడ్ మీదే నడిచే విధానంలో) ఉండి తీరాలి. మీ స్కానర్ లైబ్రరీ లోడ్ అవుతూనే అదే థ్రెడ్ మీద కోఇనిషియలైజ్‌ఈఎక్స్‌ని మల్టీథ్రెడెడ్‌గా పిలిచేసి ఉంటుంది. తర్వాత క్యూటీ వచ్చి ఓలీఇనిషియలైజ్ పిలిస్తే కుదరదంటుంది. యాప్ మిగతా అంతా మామూలుగా నడుస్తుంది, క్లిప్‌బోర్డ్, డ్రాగ్ మాత్రం చచ్చిపోతాయి.

మెయిన్‌లో క్యూఅప్లికేషన్ ఆబ్జెక్ట్‌ని అన్నిటికన్నా ముందు తయారుచేయండి. స్కానర్ పనిని వేరే థ్రెడ్‌లోకి నెట్టి, అక్కడ దానికి కావలసినట్టు ఇనిషియలైజ్ చేసుకోనివ్వండి. డాట్‌నెట్ వాళ్ళకి ఇదే జబ్బు మెయిన్ మీద ఎస్‌టీఏథ్రెడ్ యాట్రిబ్యూట్ మర్చిపోతే వస్తుంది. అక్కడ కనీసం ఎక్సెప్షన్ విసిరి చెప్తుంది.

క్యూటీ_పిన్ని · 12:05

రెండో సమస్య నాకు వదిలేయండి. ఇది క్యూటీ తప్పు కాదు, ఒప్పందాన్ని రెండుసార్లు అమలు చేస్తున్నారు.

మూవ్ అంటే క్యూటీ లెక్కలో ఇది: గమ్యం కొత్త కాపీని చొప్పిస్తుంది, పాతదాన్ని తీసేసే పని మూలానిది. వ్యూలోని స్టార్ట్‌డ్రాగ్, క్యూడ్రాగ్ ఎగ్జెక్ మూవ్‌యాక్షన్ అని తిరిగొచ్చిందా, అప్పటికి ఎంపికలో ఉన్న వరుసలను తీసేస్తుంది. మీరు డ్రాప్‌మైమ్‌డేటాలో మూవ్‌రోస్ పిలిచి వరుసని నిజంగానే జరిపేశారు. ఎంపిక వరుసతో పాటే కొత్త చోటికి వచ్చేసింది. మీరు ట్రూ ఇచ్చారు కాబట్టి, వ్యూ “సరే, పాతది తీసేస్తా” అని ఆ ఎంపిక మీదే పడింది. పాపం దానికి తెలియదు అది కొత్త చోటని.

మాయం కాకుండా ఖాళీ ఎందుకవుతోందంటే, క్యూటేబుల్‌వ్యూలో ఓవర్‌రైట్ మోడ్ మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది. అప్పుడు వరుసను తీసేయదు, గడుల్లో డేటాని తుడిచేస్తుంది. లిస్ట్‌వ్యూ, ట్రీవ్యూలలో అది ఆఫ్.

సుల్తాన్‌పేట్_ప్రెస్ · 12:41

పిన్నిగారూ, సెట్‌డ్రాగ్‌డ్రాప్‌ఓవర్‌రైట్‌మోడ్‌కి ఫాల్స్ ఇచ్చి చూశాను. ఇప్పుడు ఖాళీ అవట్లేదు, వరుసే ఎగిరిపోతోంది.

క్యూటీ_పిన్ని · 13:02

ఎగిరిపోవాల్సిందే. అది సగం వైద్యం. రెండు దారులున్నాయి, ఒకటే ఎంచుకోండి.

మొదటి దారి, క్యూటీ ఒప్పందం ప్రకారం పోవడం. మైమ్‌డేటాలో (లాగేటప్పుడు వెంట వెళ్ళే డేటాలో) వరుస మొత్తం సమాచారం పెట్టండి, డ్రాప్‌మైమ్‌డేటాలో ఇన్‌సర్ట్‌రోస్‌తో కొత్తది చొప్పించి ట్రూ ఇవ్వండి, రిమూవ్‌రోస్ రాయండి. పాతదాన్ని వ్యూ తీసేస్తుంది. ఇక్కడ ఒక మెలిక: ఎంపిక అన్ని కాలమ్‌లనూ కప్పితేనే వ్యూ ఆ వరుసను తీసేస్తుంది. ఒక్క గడిని ఎంచుకుని లాగితే పాతది అక్కడే ఉండిపోయి రెండు కాపీలవుతాయి. అందుకే సెలెక్షన్ బిహేవియర్ సెలెక్ట్‌రోస్‌గా పెట్టాలి.

రెండో దారి, మూవ్‌రోస్‌నే నమ్ముకోవడం. మీకు ఇదే మంచిది, ఎందుకంటే జాబ్‌కి ఉన్న గుర్తింపు, దాని ప్రోగ్రెస్ అన్నీ అలాగే ఉంటాయి. వ్యూ క్లాస్‌ని వారసత్వంగా తీసుకుని డ్రాప్‌ఈవెంట్ తిరగరాయండి. ఈవెంట్ సోర్స్ ఈ వ్యూనే అయితే మూవ్‌రోస్ పిలిచి, సెట్‌డ్రాప్‌యాక్షన్‌లో కాపీయాక్షన్ పెట్టి, యాక్సెప్ట్ పిలవండి. మూలానికి ‘కాపీ’ అనే జవాబు వెళ్తుంది, అది దేన్నీ తీయదు.

మూవ్‌రోస్‌లో అంకెల దగ్గర అందరూ పడతారు. బిగిన్‌మూవ్‌రోస్‌కి ఇచ్చే గమ్యం నంబరు జరపక ముందు లెక్కలో ఉండాలి, ‘ఏ వరుసకి ముందు’ అని అర్థం. సున్నా నుంచి లెక్కిస్తే, 1వ వరుసను 3వ దాని కిందికి దించాలంటే గమ్యం 4 ఇవ్వాలి, 3 కాదు. 1వ దాన్ని 1కో 2కో పంపితే అది ఉన్నచోటే ఉండటం, బిగిన్‌మూవ్‌రోస్ ఫాల్స్ ఇస్తుంది. ఆ ఫాల్స్‌ని పట్టించుకోకుండా కింది వెక్టర్‌ని కదిపి ఎండ్‌మూవ్‌రోస్ పిలిస్తే ఇవాళ కాకపోతే రేపు క్రాష్.

డ్రాప్‌మైమ్‌డేటాకి వచ్చే రో కూడా చూసుకోండి. రో -1 వచ్చి పేరెంట్ చెల్లనిదైతే, ఖాళీ స్థలంలో వదిలారని అర్థం, చివర చేర్చండి. రో -1 వచ్చి పేరెంట్ చెల్లేదైతే సరిగ్గా ఒక వరుస నెత్తిన వదిలారు. మీకు అది అక్కర్లేదు కాబట్టి ఫ్లాగ్స్‌లో చెల్లే ఇండెక్స్‌లకు ఐటమ్‌ఈజ్‌డ్రాగ్‌ఎనేబుల్డ్ మాత్రమే ఇచ్చి, ఐటమ్‌ఈజ్‌డ్రాప్‌ఎనేబుల్డ్‌ని చెల్లని ఇండెక్స్‌కి, అంటే వేరుకి, ఇవ్వండి. అప్పుడు గీత ఎప్పుడూ రెండు వరుసల మధ్యనే పడుతుంది.

సపోర్టెడ్‌డ్రాప్‌యాక్షన్స్ తిరగరాశారా? అది ఊరికే వదిలేస్తే కాపీ ఒక్కటే ఒప్పుకుంటుంది. మైమ్‌టైప్స్‌లో యూఆర్‌ఐ లిస్ట్ (ఫైళ్ళ చిరునామాల జాబితా) రకాన్ని చేర్చకపోయినా అడ్డగీతే వస్తుంది.

సుల్తాన్‌పేట్_ప్రెస్ · 14:15

రెండో దారి పెట్టాం, వరుసలు చెప్పినట్టు వింటున్నాయి. మూడోదానికి ఇప్పుడు డ్రాప్‌ఈవెంట్‌లోనే ప్రతి పీడీఎఫ్ తెరిచి పేజీలు లెక్కపెడుతున్నాం. యాక్సెప్ట్‌ప్రపోజ్డ్‌యాక్షన్ ముందే పిలుస్తున్నాం, అయినా ఎక్స్‌ప్లోరర్ ఆగిపోతోంది.

పాతకాపు_విన్32 · 14:29

ముందు పిలిచినా వెనక పిలిచినా ఒకటే. లాగుతున్నంతసేపూ ఎక్స్‌ప్లోరర్ డూడ్రాగ్‌డ్రాప్ అనే ఫంక్షన్ లోపలే ఉంటుంది. అది మీ డ్రాప్‌ని పిలిచి, మీరు తిరిగొచ్చేదాకా కూర్చుంటుంది. మీరు 200 పీడీఎఫ్‌లు తెరిస్తే అదీ ఎదురుచూస్తుంది. ఇంకా ఘోరం, డ్రాప్ లోపల “ఈ ఫైల్ ఇప్పటికే ఉంది, మార్చాలా?” అని డైలాగ్ వేయడం. ఎవరైనా జవాబు ఇచ్చేదాకా ఎక్స్‌ప్లోరర్ కిటికీ కదలదు.

డ్రాప్‌లో చేయాల్సింది దారులను ఒక క్యూస్ట్రింగ్‌లిస్ట్‌లోకి కాపీ చేసుకుని బయటపడటం, అంతే. పనిని క్యూటైమర్ సింగిల్‌షాట్ 0తో వెనక్కి వేసి, పేజీల లెక్క వర్కర్ థ్రెడ్‌కి ఇవ్వండి. ఈవెంట్ పాయింటర్‌నీ మైమ్‌డేటా పాయింటర్‌నీ లాంబ్డాలో పట్టుకుని వాడొద్దు. డ్రాప్ ముగిశాక అవి ఉండవు.

క్యూటీ_పిన్ని · 14:40

> యాక్సెప్ట్‌ప్రపోజ్డ్‌యాక్షన్ ముందే పిలుస్తున్నాం

ఇది ఇవాళే తీసేయండి. ప్రపోజ్డ్ అంటే మూలం, మీటలు కలిసి ప్రతిపాదించినది. ఆపరేటర్ షిఫ్ట్ నొక్కి లాగితే అది మూవ్ అవుతుంది. మీరు మూవ్‌కి ఒప్పుకుంటే “నేను తీసుకున్నాను, అసలు ఫైల్ నువ్వు తీసెయ్” అని మూలానికి చెప్పినట్టే. కస్టమర్ పంపిన ఒరిజినల్ మీద అలాంటి మాట ఇవ్వకూడదు.

బయటి ఫైళ్ళకి ఎప్పుడూ సెట్‌డ్రాప్‌యాక్షన్ కాపీయాక్షన్, తర్వాత యాక్సెప్ట్. చివర యాక్సెప్ట్‌ప్రపోజ్డ్‌యాక్షన్ పిలిస్తే మీరు పెట్టిన కాపీని కొట్టేసి మళ్ళీ ప్రతిపాదించినదే పెడుతుంది. డ్రాగ్‌ఎంటర్, డ్రాగ్‌మూవ్, డ్రాప్ మూడింటిలోనూ ఇలాగే చేయండి, అప్పుడు కర్సర్ పక్కన ప్లస్ గుర్తు కూడా నిజమే చెప్తుంది.

మారతహళ్ళి_టెస్టర్ · 15:10

డ్రాగ్‌మూవ్ అన్నారు కాబట్టి: అందులో ఫైల్ ఉందా, పీడీఎఫేనా అని డిస్క్ మీద చూసే కోడ్ పెట్టారా? మౌస్ కదిలినప్పుడల్లా అది పరిగెడుతుంది. ఫైళ్ళు నెట్‌వర్క్ డ్రైవ్ మీద ఉంటే కర్సర్ నత్తలా పాకుతుంది. డ్రాగ్‌ఎంటర్‌లో ఎక్స్‌టెన్షన్ చూసి ఒక్కసారి నిర్ణయించి ఒక బూల్‌లో పెట్టుకోండి. డ్రాగ్‌మూవ్‌లో స్థానం మాత్రమే చూడండి, బేస్ క్లాస్‌ని పిలవడం మరవద్దు, లేకపోతే గీతా రాదు, అంచు దగ్గర ఆటోస్క్రోల్ కూడా రాదు. వ్యూలో ఆటోస్క్రోల్ అంచు డిఫాల్ట్‌గా 16 పిక్సెళ్ళు. హై డీపీఐ తెర మీద చిన్నగా అనిపిస్తే 32 చేయండి.

200లో మూడు పీడీఎఫ్ కానివి ఉంటే మొత్తాన్ని తిరస్కరించొద్దు. తీసుకోగలిగినవి తీసుకుని, మిగతా మూడింటి పేర్లు కింది స్టేటస్ బార్‌లో చూపించండి.

క్యూటీ_పిన్ని · 15:18

ఇక్కడ నేను ఒప్పుకోను. ప్రెస్‌లో సగం తీసుకుని సగం వదిలేస్తే ఆ మూడూ అచ్చు కాలేదని పెళ్ళి ముందురోజు తెలుస్తుంది. స్టేటస్ బార్ ఎవరూ చదవరు. వాటిని కూడా ఎర్ర వరుసలుగా టేబుల్‌లోనే వేయండి, ‘పీడీఎఫ్ కాదు’ అని పక్కన రాయండి.

మారతహళ్ళి_టెస్టర్ · 15:21

సరే, అది ఇంకా మంచిది.

పాతకాపు_విన్32 · 16:02

నాలుగోది. మెయిల్ అటాచ్‌మెంట్‌కి డిస్క్ మీద దారి ఉండదు కాబట్టి యూఆర్‌ఎల్ రాదు. మూలం రెండు ఫార్మాట్లు ఇస్తుంది: ఫైల్‌గ్రూప్‌డిస్క్రిప్టర్‌డబ్ల్యూలో పేర్లు, ఫైల్‌కంటెంట్స్‌లో అసలు బైట్లు. క్యూటీలో ఇవి ‘అప్లికేషన్ / ఎక్స్-క్యూటీ-విండోస్-మైమ్’ రకంలో, వాల్యూ దగ్గర ఆ పేరుతో కనిపిస్తాయి. ముందు మైమ్‌డేటా ఫార్మాట్స్ మొత్తం లాగ్‌లో ముద్రించి చూడండి, అక్షరం తేడా లేకుండా అదే వాడండి.

పేర్ల బ్లాక్ ఇలా ఉంటుంది. మొదటి 4 బైట్లలో ఫైళ్ళ సంఖ్య. తర్వాత ఒక్కో ఫైల్‌కి 592 బైట్ల నిర్మాణం. అందులో 72వ బైట్ నుంచి పేరు, 260 వైడ్ అక్షరాల జాగా, అంటే 520 బైట్లు. కాబట్టి మొదటి ఫైల్ పేరు బ్లాక్ ఆరంభం నుంచి 76వ బైట్ దగ్గర, రెండోది 668 దగ్గర మొదలవుతుంది. పేరు సున్నా అక్షరంతో ముగుస్తుంది, 260 మొత్తం చదివేయకండి, వెనక చెత్త ఉండొచ్చు.

ఫైల్‌కంటెంట్స్ అడిగేటప్పుడు ఏ ఫైలో ఇండెక్స్‌తో చెప్పాలి: రకం పేరు చివర ఇండెక్స్ 0, ఇండెక్స్ 1 అని చేర్చండి. చేర్చకుండా అడిగి రెండు అటాచ్‌మెంట్లనూ తీసుకోబోతే రెండో ఫైల్ ఎప్పటికీ చేతికి రాదు. డాట్‌నెట్ గెట్‌డేటాలో ఈ ఇండెక్స్ ఇచ్చే చోటే లేదు, అక్కడ కామ్ ఐడేటాఆబ్జెక్ట్‌ని నేరుగా పట్టుకోవాలి.

ఈ బైట్లను మాత్రం డ్రాప్ లోపలే చదివేయాలి, పైన చెప్పినట్టు వాయిదా వేస్తే డేటా పోతుంది. చదివి టెంప్ ఫోల్డర్‌లో రాసి, ఆ దారిని క్యూలో వేయండి. పేరులో వెనక్కి వాలిన గీతలు ఉండొచ్చు, చివరి భాగం మాత్రమే వాడండి, లేదంటే ఎవరో పంపిన అటాచ్‌మెంట్ మీరు అనుకోని ఫోల్డర్‌లో కూర్చుంటుంది.

కొత్తకుర్రాడు_ఎలక్ట్రాన్ · 16:30

థ్రెడ్‌లో దూరుతున్నందుకు క్షమించండి. ఎలక్ట్రాన్‌లో (వెబ్ కోడ్‌తో డెస్క్‌టాప్ యాప్‌లు రాసేది) డ్రాప్ ఈవెంటే రావట్లేదు, వచ్చినప్పుడు పీడీఎఫ్ విండో మొత్తం తెరుచుకుంటోంది. ఫైల్ పాత్ కూడా అన్‌డిఫైన్డ్.

పాతకాపు_విన్32 · 16:41

తమ్ముడూ, డ్రాగ్‌ఓవర్‌లోనూ డ్రాప్‌లోనూ రెండిట్లో ప్రివెంట్‌డిఫాల్ట్ పిలువు. మొదటిది లేకపోతే డ్రాప్ రాదు, రెండోది లేకపోతే బ్రౌజర్ ఫైల్‌ని తెరిచేస్తుంది. పాత్ ప్రాపర్టీని ఎలక్ట్రాన్ 32లో తీసేశారు, ప్రీలోడ్‌లో వెబ్‌యుటిల్స్ గెట్‌పాత్‌ఫర్‌ఫైల్ వాడు. డ్రాగ్‌ఓవర్‌లో ఫైళ్ళ రకాలు తప్ప లోపలి డేటా కనపడదు, అది బగ్ కాదు, భద్రత కోసం పెట్టిన నియమం. మిగతాది వేరే థ్రెడ్‌లో అడుగు.

బొమ్మనహళ్ళి_లైనక్స్ · 18:20

ఉబుంటు రెండింటి గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి. అక్కడ ఫైళ్ళు యూఆర్‌ఐ లిస్ట్‌గా వస్తాయి: ఒక్కో లైన్‌కి ఒక్క యూఆర్‌ఐ, లైన్ చివర క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్ రెండూ, హ్యాష్‌తో మొదలైన లైన్ వ్యాఖ్య. టెక్స్ట్ తీసుకుని మీరే ముక్కలు చేయకండి. ‘శుభలేఖ’ అనే పేరునే చూడండి. చూడటానికి నాలుగక్షరాలు, యూనికోడ్‌లో ఆరు గుర్తులు (శ, కొమ్ము, భ, ల, ఏత్వం, ఖ), యూటీఎఫ్-8లో 18 బైట్లు, శాతం గుర్తులతో రాస్తే 54 అక్షరాలు. చేత్తో విప్పేవాళ్ళు ఇంగ్లీషు పేర్లతో పరీక్షించి బాగుందనుకుంటారు, మొదటి తెలుగు ఫైల్ దగ్గర ‘ఫైల్ లేదు’ అని వస్తుంది. మైమ్‌డేటా యూఆర్‌ఎల్స్ తీసుకుని, ఈజ్‌లోకల్‌ఫైల్ చూసి, టులోకల్‌ఫైల్ వాడండి. షేర్డ్ ఫోల్డర్ నుంచి లాగితే ఎస్‌ఎమ్‌బీ యూఆర్‌ఎల్ రావొచ్చు, టులోకల్‌ఫైల్ ఖాళీ ఇస్తుంది, దాన్ని ఫైల్ పేరనుకుని ముందుకెళ్ళకండి.

వేలాండ్‌లో (లైనక్స్ కొత్త తెర వ్యవస్థ) డ్రాగ్‌ని మౌస్ బటన్ నొక్కిన ఈవెంట్‌తోనే మొదలుపెట్టగలం. టైమర్‌తో తర్వాత మొదలెడదామంటే, అప్పటికి బటన్ వదిలేసి ఉంటే కంపోజిటర్ (విండోలను తెర మీద పేర్చే ప్రోగ్రామ్) ఒప్పుకోదు. ఇంకొకటి, లైనక్స్‌లో క్యూడ్రాగ్ ఎగ్జెక్ నడుస్తున్నా ఈవెంట్ లూప్ ఆగదు, విండోస్‌లో ఆగుతుంది. ప్రోగ్రెస్ బార్ విండోస్‌లో లాగుతున్నంతసేపూ నిలిచిపోతోందని మళ్ళీ కొత్త థ్రెడ్ తెరవకండి.

మారతహళ్ళి_టెస్టర్ · 19:05

రిలీజ్‌కి ముందు ఇవి చేతితో చేసి చూడండి. లాగుతూ మధ్యలో ఎస్కేప్ నొక్కాలి, గీత మిగిలిపోకూడదు. లాగి విండో బయటికి తీసుకెళ్ళి వదలాలి, డ్రాగ్‌లీవ్‌లో రంగు మార్పు తీసేయడం మర్చిపోయినవాళ్ళు ఇక్కడ దొరుకుతారు. ఫోల్డర్ వదలాలి, షార్ట్‌కట్ ఫైల్ వదలాలి. 100 శాతం తెర నుంచి 150 శాతం తెరకి లాగాలి. ఐదు వరుసలు విడివిడిగా ఎంచుకుని ఒకేసారి జరపాలి. టాస్క్‌బార్ బటన్ మీద ఆపి విండోని ముందుకి తెప్పించి వదలాలి. విండోస్ 11 మొదటి విడుదలలో టాస్క్‌బార్‌కి అది లేదు, 22హెచ్2లో తిరిగొచ్చింది, కాబట్టి మీ ఆరు మెషీన్ల వెర్షన్ చూసుకోండి.

డబుల్ క్లిక్ చేయబోతే డ్రాగ్ మొదలవుతోందని ఆపరేటర్లు అంటే స్టార్ట్‌డ్రాగ్‌డిస్టెన్స్ చూడండి. క్యూటీలో డిఫాల్ట్ 10 పిక్సెళ్ళు, విండోస్ సొంత హద్దు 4. సొంతంగా మౌస్‌మూవ్ రాసినవాళ్ళు ఈ దూరం చూడకుండా మొదటి పిక్సెల్‌కే డ్రాగ్ మొదలెడతారు.

జరపడానికి మౌస్ తప్ప దారి లేకుండా వదలకండి. ఆల్ట్‌తో పైబాణం, కిందిబాణం, పక్కన రెండు బటన్లు. 2023 అక్టోబరులో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2లో (వెబ్ అందరికీ అందుబాటులో ఉండటానికి రాసిన మార్గదర్శకాలు) 2.5.7 నియమం లాగకుండా అదే పని చేసే దారి ఉండాలంటుంది. అది వెబ్ కోసం రాసిందే అయినా, రోజంతా వరుసలు జరిపే చేతికి డెస్క్‌టాప్‌లోనూ కావాలి.

సుల్తాన్‌పేట్_ప్రెస్ · మంగళవారం ఉదయం 9:48

స్కానర్ వేరే థ్రెడ్‌లోకి వెళ్ళింది, రెండో మెషీన్ లేచింది. కాపీయాక్షన్ మూడు చోట్లా పెట్టాం. 200 ఫైళ్ళు వదిలితే ఎక్స్‌ప్లోరర్ వెంటనే వదిలేస్తోంది, వరుసలు ముందు పడి పేజీల సంఖ్య ఒక్కోటీ తర్వాత నిండుతోంది. అటాచ్‌మెంట్లు రెండూ వచ్చాయి, 668 దగ్గరే పేరుంది. ఆల్ట్ బాణాలు కూడా పెట్టాం.

ఒక్కటి మిగిలింది: ఐదు విడివిడి వరుసలు జరిపితే క్రమం తారుమారవుతోంది.

క్యూటీ_పిన్ని · 10:03

ఒక్కో వరుస జరిపినప్పుడల్లా మిగతా నంబర్లు మారిపోతాయి, మీరు మొదట రాసుకున్న నంబర్లతోనే పోతున్నారు. వాటిని క్యూపర్సిస్టెంట్‌మోడల్‌ఇండెక్స్‌గా పట్టుకుని, వరుస క్రమంలో పేర్చి, గమ్యం ఉన్న వరుసను కూడా అలాగే పట్టుకోండి. ప్రతిసారీ ‘ఆ గమ్యం వరుసకి ముందు’ అని దాని ప్రస్తుత నంబరు అడిగి జరపండి. గమ్యం చివరైతే రోకౌంట్ వాడండి. ఎంచుకున్నవాటిలోనే గమ్యం ఉంటే, దాని కింద ఎంపికలో లేని మొదటి వరుసను గమ్యంగా తీసుకోండి.

సుల్తాన్‌పేట్_ప్రెస్ · 10:37

క్రమం నిలిచింది. ఆ చివరి మాట లేకపోతే ఇంకో పూట పోయేది పిన్నిగారూ.